బట్టలో లేని డాగు

బడులు తెరిచే రోజుల్లో మా స్కూలుకు యూనిఫాం బట్ట వస్తుంది. కోరుట్లలోని మా బడి గేటు దగ్గర ఆటో తెచ్చి దింపిన మూటలను అటెండరు స్టాఫ్ రూములో పడేసి, తాడు కోసి, ఒక తాను విప్పుతాడు. విప్పగానే గుప్పున గంజి వాసన, దాని వెనక సన్నగా మిషను నూనె వాసన. తోటి టీచర్లు రంగు బాగుందనో, బట్ట పలచగా ఉందనో అంటుంటారు. నేను మాత్రం అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలుపుతాను. సిరిసిల్ల బట్ట అది. ఏ సాంచ మీద నేశారో, ఎవరు పోగులు అతికారో తెలియదు. అతికినవాడు నేను కాక అని పిలిచే దేవయ్య కాదని మాత్రం తెలుసు. తెలిసిన సంగతే అయినా ప్రతి ఏడూ కొత్తగా కోపం వస్తుంది. ఎవరి మీద మండిపడాలో ఇప్పటికీ అర్థం కాలేదు.

మాది కథలాపూర్ దగ్గర పల్లె. గుంటెడు భూమి లేదు. నాన్న పోయాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్లకు వచ్చి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మేం అద్దెకు దిగిన వెనక గది దేవయ్య కాకది. మేం ఆదివారం చర్చికి పోయేవాళ్లం, వాళ్లు పద్మశాలీలు. ఆ సంగతి ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు. మొదటి రోజే అమ్మను "వదినె" అన్నాడు, అంతటితో నాకు కాక, అంటే చిన్నాన్న, అయిపోయాడు. ఆయన భార్య లచ్చవ్వ నాకు చిన్నమ్మ అయింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో తిట్లూ నాకే, పొయ్యి మీది మొదటి రొట్టే నాకే.

కాక చేసేది వైపని. సాంచ అంటే మా దగ్గర కరెంటు మగ్గం. దాని మీద నిలువు పోగులు చుట్టిన భీము ఒకటి అయిపోతే ఇంకొకటి ఎక్కిస్తారు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికితే గాని సాంచ కదలదు. వేల పోగులు, వెంట్రుకంత సన్నవి. నలుగురైదుగురు ముఠాగా ఏర్పడి, వేళ్లకు బూడిద అద్దుకుని, వంగి కూర్చుని చేస్తారు. మా పేటలో ఆ ముఠాకు కాకే పెద్ద. షెడ్డు యజమానిని అక్కడ ఆసామి అంటారు. దేవయ్య చెయ్యి పడిన భీము అంటే ఏ ఆసామీ మళ్లీ వచ్చి చూసుకునేవాడు కాదు.

ఇంటర్‌లో నేను లెక్కల్లో తప్పాను. అమ్మ బీడీల చాట నా ముందుకు తోసి, ఇక ఇదే నీ బతుకు అన్నట్టు చూసింది. కాక మాత్రం తాపీగా తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏడుసుడు బంద్ చెయ్యి బిడ్డా. రేపటి సంది నాతోని షెడ్డుకు రా. పోగులు అందిద్దువు. పరీక్షనాటికి మల్ల సదువుకుందువు."

"ఆడపిల్లను సాంచల కాడికి తోలుకపోతవా?" అని చిన్నమ్మ నోరు నొక్కుకుంది.

"సాంచ ఏమన్న కరుస్తదా?" అన్నాడు.

ఆ ఎండాకాలం ఆయన ఎదురుగా కూర్చుని పోగులు అందించాను. ఒకనాడు పరధ్యానంలో ఒక పోగు వదిలేసి దాని పక్కది అందించాను. అక్కడి నుంచి అన్నీ ఒకటి జరిగాయి. చాలా దూరం పోయాక కాక వేళ్లు ఆగాయి. ఇక్కడే నాలుగు పోగులు కత్తిరించి సర్దేద్దామని ముఠాలో ఒకాయన అన్నాడు. కాక వినలేదు. వేసిన మెలికలన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వెనక్కి పోసాగాడు. భయంతో నేను ఒక పోగును గట్టిగా లాగాను.

"గుంజకు. దాన్ని రానియ్యి. యాడ తప్పు పడ్డదో ఆడికే పోవాలె బిడ్డా. నడుమల సర్దితె బట్టంత గీత పడ్తది."

మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. ముఠా అంతా గొణుగుతూనే ఉంది, ఆయన విప్పుతూనే ఉన్నాడు. నేను వదిలేసిన పోగు దొరకగానే దాన్ని గోటితో మీటి, "గిదే" అని నవ్వాడు. ఆ తర్వాత లెక్కల పుస్తకం తెరిస్తే, జవాబు తప్పు వచ్చినప్పుడల్లా మొత్తం కొట్టేయడం మానేసి, పంక్తి పంక్తికీ వెనక్కి పోవడం మొదలుపెట్టాను. పాసయ్యాను. డిగ్రీ, బీఎడ్, ఇవాళ్టి ఈ లెక్కల టీచరు ఉద్యోగం, అన్నీ ఆ పూట ఆకలితో నేర్చుకున్నవే.

నేను బీఎడ్ చదివే నాటికి తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. సిరిసిల్లలో ఒక్కో రోజు ఒక్కో వృత్తివాళ్లు రిలే నిరాహార దీక్షకు కూర్చునేవారు. నేతవాళ్ల వంతు వచ్చినప్పుడు కాక తెల్లవారకముందే తలస్నానం చేసి, పెళ్లికి పోతున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని డేరాకు పోయాడు. సాయంత్రం ఎవరో నిమ్మరసం ఇస్తే తాగి ఇంటికొచ్చి, "తెలంగాణ అచ్చినట్టే బిడ్డా, ఇగ అచ్చినట్టే" అన్నాడు. అంత నమ్మకంగా ఆయన దేన్ని గురించీ మాట్లాడగా నేను వినలేదు.

ఆ వానాకాలం పేటంతా జ్వరాలు. కాకకు డెంగీ వచ్చింది. సెలైన్లు ఎక్కించారు, ఒళ్లంతా ఎర్రటి పొక్కులు లేచాయి, కీళ్లు పట్టుకుని మంచం మీద మూలిగాడు. తర్వాత జ్వరం తగ్గింది. పాణం నిలిచిందని చిన్నమ్మ ఎల్లమ్మకు మొక్కు చెల్లించింది, అమ్మ చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. మేమంతా అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాళ్లల్లో బలం రాకముందే ఆయన షెడ్డుకు పోయాడు.

పోయిన రెండోనాడే గొడవ. భీము మీద డాగు ఉందన్నాడు. బూడిద రంగు మరక, రూపాయి బిళ్లంత. గంజి పెట్టినవాడిని పిలిపించి నలుగురిలో తిట్టాడు. వాడు నెత్తీ నోరూ కొట్టుకుని నా గంజి శుభ్రంగా ఉందన్నాడు. నూనె కారిందేమోనని కాక సాంచ కింద పాకి చూశాడు. బల్బు పాడైందని కొత్తది పెట్టించాడు. ముఠావాళ్లకు ఏ డాగూ కనబడలేదు. కాక అంతటివాడు చెబుతుంటే లేదనలేక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పుట్టినప్పటి నుంచి బట్టనే చూసిన మనిషి, తప్పు కనబడితే బట్టలోనే వెతుకుతాడు. కంట్లో ఉంటుందని ఆయనకు తోచనే లేదు. మాకూ తోచలేదు.

చివరికి ఆ భీము నుంచి నేసిన బట్ట ముక్కను ఇంటికి తెచ్చి, తానే సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేశాడు. దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. డాగు పోలేదు. తల తిప్పి సున్నం వేసిన గోడను చూశాడు. మళ్లీ బట్టను చూశాడు. ఆ తర్వాత వాకిట్లో చదువుకుంటున్న నా వైపు తిరిగాడు.

"బిడ్డా," అన్నాడు. "నీ మొకం మీద గూడ ఉన్నది."

పుస్తకం పక్కన పడేసి లేచాను. ఒక కన్ను మూసుకోమన్నాను. కుడికన్ను మూస్తే ఎడమ కంటికి నా ముఖమే లేదు, చుట్టూ జుట్టు మాత్రం ఉందన్నాడు. ఎడమది మూస్తే కుడి కంటికి ముక్కు దగ్గర మసక. ఇన్నాళ్లూ ఆ కుడికన్నే రెండో కంటి లోటును కప్పిపుచ్చింది. ఇప్పుడు దానికీ మొదలైంది.

అప్పటికి సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. ఆటో మాట్లాడుకుని జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాం. దారిలో కాలేజీ పిల్లల రాస్తారోకో. సంగతి విని పిల్లలు దారి ఇచ్చారు గాని, కాక ఆటో దిగి వాళ్ల మధ్య రోడ్డు మీద కూర్చున్నాడు.

"నడువు కాకా, డాక్టరు పోతడు," అన్నాను చెయ్యి పట్టి లాగుతూ.

"జరసేపు కూసోని అస్త. మనదే గదా బిడ్డా."

కాసేపు కూర్చునే లేచాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పుడు లేదు, ఆయన అలా కూర్చున్న రూపం మాత్రం ఉంది.

డాక్టరు చుక్కలు వేసి చాలాసేపు చూసి, అర్థమయ్యేలా చెప్పాడు. జ్వరం తగ్గిపోయినా, అది రేపిన మంట కంటి వెనక పొరలో ఉన్న సన్నటి రక్తనాళాల్లో మిగిలిపోయిందట. అవి వాచి, కారి, కొన్ని మూసుకుపోయాయి. రక్తం అందని చోట చూపు చచ్చిపోతుంది. సరిగ్గా నడుమన, చూసేదాని మీద చూపు నిలిచే చోటే దెబ్బ తగిలింది. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నాడు.

"తెగిన నరాలను అతకరాదా సారు?" అని కాక అడిగాడు. అడుగుతుంటే ఆయన బొటనవేలూ చూపుడువేలూ తమంతట తామే మెలిపెడుతున్నాయి.

"అతికేవి కావు పెద్దాయనా."

"ముందుగాల అస్తే?"

డాక్టరు కాగితం మీద రాస్తున్న పెన్ను ఆపాడు. "చెప్పలేను. మందు తొందరగా పడేది. అంతే చెప్పగలను."

హైదరాబాద్ పొమ్మన్నాడు. బండి దొరికి పోయేసరికి ఇంకొన్ని రోజులు గడిచాయి. మాత్రలు మింగాడు. వాపు తగ్గింది. మూసుకున్న నాళాలు తెరుచుకోలేదు.

అప్పటి నుంచి కాక నన్ను చూడాలంటే నా చెవి వైపు చూసేవాడు. నేరుగా చూస్తే నేను మాయమవుతాను, పక్కకు చూస్తే అంచున కాస్త కనబడతాను. తెలియనివాళ్లు దేవయ్యకు పొగరెక్కింది, మొహం చూసి మాట్లాడడు అన్నారు. ముఠావాళ్లు మంచివాళ్లు, కొన్నాళ్లు ఆయనను నడుమనే కూర్చోబెట్టుకున్నారు. వేళ్లతో తడిమి అతికేవాడు. ఒకసారి పోగులు దాటిపోయాయి, తాను పొడవునా గీత పడింది. ఆసామి ఏమీ అనలేదు. అనకపోవడమే కాకను చంపింది. ఆ సాయంత్రం బూడిద డబ్బా మూతపెట్టి పక్కవాడి చేతికిచ్చి, "ఇగ నన్ను పిలువకుండ్రి" అని చెప్పి ఇంటికొచ్చాడు.

రాష్ట్రం వచ్చిన రోజున పేటంతా పటాకులు, డప్పులు, రంగులు. నేను పరుగున పోయి చెప్పాను. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"అచ్చిందట గదా," అన్నాడు.

"అచ్చింది కాకా. సూడు, అందరు ఆడుతున్నరు."

తల అటూ ఇటూ తిప్పి, ఏ పక్క నుంచి చూస్తే ఎంత కనబడుతుందో వెతుక్కున్నాడు. తర్వాత వెతకడం ఆపి కళ్లు మూసుకున్నాడు. "నువ్వు సూసి సెప్పు బిడ్డా," అన్నాడు. చెప్పాను. ఎవరెవరు ఆడుతున్నారో, ఎవరి తల మీద ఏ రంగు పడిందో అన్నీ చెప్పాను. వింటున్నాడో లేదో తెలియలేదు.

ఆ తర్వాత ఆయన మాట తగ్గించాడు, తిండి తగ్గించాడు. రెండు దారపు ముక్కలు మెలిపెట్టడం, విప్పడం, మళ్లీ మెలిపెట్టడం. నాకు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తీసుకుని పోతే నా చెవి వైపు తిరిగి నవ్వాడు. కాసేపటికి, "ఎనుకకు పోయి పోయి సూస్తున్న బిడ్డా, యాడ తప్పు పడ్డదో దొరుకుతలేదు," అన్నాడు. దోమ అనాలా, జ్వరం అనాలా, ఉతికిన బట్ట అనాలా, ఆగిన బస్సులు అనాలా? ఆ చలికాలమే ఆయన పోయాడు. వేళ్ల మధ్య దారం ఉండగానే పోయాడని చిన్నమ్మ చెప్పింది.

నాకు మిగిలింది ఒక అలవాటు. క్లాసులో ఎవరైనా జ్వరం తగ్గి తిరిగి వస్తే బోర్డు ముందు నిలబెట్టి, ఒక నిలువు గీత గీసి, ఒక కన్ను మూసి చూడమంటాను. తర్వాత రెండోది. టీచరుకు పిచ్చి అని పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మొన్న బుగ్గారం నుంచి వచ్చే పిల్ల ఒకతె రెండు కళ్లతోనూ చూసి, "గీత మంచిగనే కనవడ్తంది టీచర్" అని పోయి కూర్చుంది. నాకు ఊరట కలగాలి. కలగలేదు. కాక జ్వరం నుంచి లేచి, తుండు భుజాన వేసుకుని, షెడ్డుకు పోతున్నానని చెప్పి గడప దాటిన పొద్దున నేను వాకిట్లోనే ఉన్నాను. ఒక కన్ను మూసుకో కాకా అనాలని అప్పుడు నాకు తెలియదు.