పైన మూడు లైన్లు

ముప్పై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న మంచిపేరును మూడు లైన్లలో పాడుచేయడం అందరివల్లా అయ్యే పని కాదు. ఆ రోజుల్లో నావల్ల అయింది. అదీ నా పేరు కాదు, మా గల్లీ టైలరుది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. అబిడ్స్, నాంపల్లి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవన్న నమ్మకం మాత్రం నిండుగా ఉండేది. ఆ నమ్మకంతోనే బ్లాగు మొదలుపెట్టాను. (అప్పటికే బ్లాగులు రాసేవాళ్ళు ఒక్కొక్కరుగా షట్టర్లు దించుకుంటున్నారు. వానలు వెళ్ళిపోయాక గొడుగుల స్టాకు దించుకున్న వ్యాపారిని నేను.)

మాది అబిడ్స్‌లో ఒక సందులో చీరల దుకాణం, ఒకటే మల్గి, ఒక్క షట్టరు గది. బడి నుంచి వచ్చి అక్కడే హోంవర్కు చేసుకుంటూ, ఏమీ తగ్గించకుండానే ఎంతో తగ్గించినట్టు కనిపించే విద్య నేర్చుకున్నాను. మా బాపు కొత్త చీరను పూర్తిగా బయట వేలాడదీయడు. అంచు, జానెడు కొంగు మాత్రం కనిపించేలా మడతపెట్టి గుమ్మం దగ్గర ఉంచుతాడు. దారిన పోయే ఆడవాళ్ళు ఆగుతారు, మిగతా కొంగు ఎలా ఉందో చూద్దామని మెట్టెక్కుతారు, పరుపు మీద కూర్చుంటారు. కూర్చున్న మనిషి ఊరికే లేవదు. నేను ఇదే కిటుకు బ్లాగుకు పెట్టాను. మొదటి పేజీలో ప్రతి పోస్టుకూ మూడే లైన్లు, నా భాషలో పైముక్క. ఊపిరి బిగబట్టే చోట కోసేసి, కింద ‘లోపలికి రండి’ అని రాశాను.

‘నాంపల్లి స్టేషన్‌లో ఒక పెద్దమనిషి నన్ను ఆపాడు. చుట్టూ జనం చూస్తున్నారు. అప్పుడతను అన్న మాట…’ అని ఒక పోస్టు. తీరా లోపలికొస్తే ఆయన అన్నది, లింగంపల్లి బండి ఈ ప్లాట్‌ఫారం మీదికి రాదమ్మా, అవతలికి పో అని. ఎగ్జిబిషన్‌లో తప్పిపోయిన కథ ఇంకొకటి. తప్పిపోయింది రెండు నిమిషాలు, దొరికింది మిరపకాయ బజ్జీల బండి దగ్గర. మొదటి వారం జనం బాగానే వచ్చారు. రెండో వారం తగ్గారు. మూడో వారానికి అందరూ ఆ మూడు లైన్లు చదివి, నవ్వుకుని, వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. లోపల సరుకు లేదని వాళ్ళకు అర్థమైంది. పైముక్క ఇంకా ఘాటుగా ఉండాలని నాకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే నాకు నిజమైన సరుకు దొరికింది. మా మల్గి పక్కన మెట్ల కింద మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మాస్టర్ కాక, దసరాకు మిషను తుడుచుకుంటూ ఒక రేకు పెట్టె తెరిచాడు. అందులో కుట్టి సిద్ధంగా ఉన్న పట్టు జాకెట్టు ఒకటి ఉంది. ఇరవై ఏళ్ళ కింద ఒక పెళ్ళికూతురు కుట్టడానికిచ్చి, మళ్ళీ రాలేదట. పెళ్ళి ఆగిందో, ఊరు మారిందో తెలియదు. కాక ఏటా దాన్ని తీసి నీడన ఆరేసి, పిగిలిన కుట్టు మళ్ళీ వేసి, కలరా ఉండలు మార్చి లోపల పెడతాడు. కూలీ కూడా సగమే ముట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రోజే కూర్చుని, నా జీవితంలో నేను రాసిన ఒకే ఒక్క మంచి పోస్టు రాశాను. మిషను ముందు కూర్చున్న కాక ఫోటో పెట్టాను. తర్వాత అలవాటుకొద్దీ కత్తెర తీశాను.

‘మా గల్లీ టైలర్ దగ్గర ఒక పెళ్ళికూతురి పట్టుబట్ట ఇరవై ఏళ్ళుగా ఉంది. ఆమెకు ఇవ్వలేదు, ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆ పెట్టె తెరిచినప్పుడు నేను కళ్ళారా చూసింది…’

దాన్ని గల్లీ దుకాణదారుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడ కాక ఫోటో, దాని కింద ఈ మూడు లైన్లు వచ్చాయి. లోపలికి పోయే అలవాటు అప్పటికే నా చేతులారా మాన్పించాను కదా, ఎవరూ పోలేదు. బట్ట మిగుల్చుకున్నాడన్న మాట కంటే టైలరుకు పెద్ద నింద లేదని, దుకాణాల మధ్య పెరిగిన నాకు తెలియక కాదు. ఆ మూడు లైన్లు ఎంత బాగా తెగాయో అని మురుస్తూ ఉండిపోయాను, అంతే.

మర్నాడు లక్డీకాపూల్‌లో ఆఫీసు పని చేసే ఒకావిడ వచ్చింది. ఏళ్ళ తరబడి కాక దగ్గరే కుట్టించుకునే మనిషి. కత్తిరించిన బట్ట కత్తిరించినట్టే తిరిగి ఇమ్మంది, టేపు తీసి తన ఎదుటే కొలవమంది. కాకకు ఏమీ అర్థం కాలేదు, కొలిచి ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు వచ్చి తమ బట్టలు వెనక్కి తీసుకుపోయారు. ఒకామె నవ్వుతూనే, నా ముక్కలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నయా కాకా అని అడిగింది. ఎదురు దుకాణంవాళ్ళు ఫోను చూపించాక బాపు నన్ను పిలిపించాడు.

“ఏం రాసినవ్ బిడ్డా నా మీద?” అన్నాడు కాక. కోపం లేదు, అడిగాడంతే.

“అది పైముక్క కాకా. లోపలంతా మంచిగనే రాసిన.”

“లోపలికి ఎవరు పోతరు? జాకెట్టుకు మెడ సూసే కుట్టు మంచిగున్నదంటరు. తిప్పి లోపలి కుట్టు సూసినోళ్ళను నేనింతవరకు సూడలే.”

బాపు నన్ను తిట్టలేదు. గుమ్మం దగ్గరి చీర తీసి నా ముందు మొత్తం విప్పాడు. “బయట ఉన్న అంచు ఈ చీరెదే. వేరే చీరెది ఏలాడదీస్తే నన్ను ఈ గల్లీల ఉండనిస్తరా?” అని మళ్ళీ మడత పెట్టుకున్నాడు.

పోస్టు మొత్తం మొదటి పేజీలో పెట్టి లింకు మళ్ళీ గ్రూపులో వేశాను. వాట్సాప్ పాత మూడు లైన్లనే మళ్ళీ చూపించింది, రెండోసారి ఇంకొంచెం మందికి. ఇక ఫోను పట్టుకుని దుకాణం దుకాణం తిరిగి చదివి వినిపించాను. సగంలో గిరాకీ వచ్చేది, తర్వాత వింటా పో అనేవాళ్ళు. చివరికి మెట్ల మీద కూర్చుని కాకకే చదివాను. మిషను ఆపి మొత్తం విన్నాడు.

“గిది ఆమె సూస్తదా?” అన్నాడు.

కాక చూపు రేకు పెట్టె మీదే ఉంది. సూస్తదేమో కాకా, అన్నాను.

ఇప్పుడు ఎవరైనా నాలుగు మాటలు రాసి చూపిస్తే ముందు ఆఖరి లైను చదువుతాను. అప్పటి ఆ పిల్ల గుర్తొస్తే కోపం రాదు, కొంచెం నవ్వే వస్తుంది. అంత కిటుకు తెలిసిన పిల్ల, ఎవరిని గుమ్మం దగ్గర వేలాడదీస్తున్నదో చూసుకోలేదు.

చివరి లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. పైముక్క చూసింది గల్లీ మొత్తం. లోపలికి వచ్చినవి పదకొండు సార్లు, అందులో ఆరు నేనే, రెండు మా చెల్లె. చివరిదాకా విన్నది ఒక్కడు, అతనికి చదువు రాదు. వెళ్ళిపోయిన ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు, లక్డీకాపూల్ ఆవిడ రాలేదు. పెళ్ళికూతురూ రాలేదు. ఆ వారం నుంచి కాక ఎవరి జాకెట్టు ఇచ్చినా, మిగిలిన ముక్కలన్నీ ఒక కవరులో వేసి వాళ్ళ ఎదుటే లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. నా జాకెట్టుకూ ఇచ్చాడు. నాకెందుకు కాకా అంటే, అందరికీ ఇస్తున్న గదా బిడ్డా అన్నాడు. అందులో గోరంత ముక్కలు కూడా ఉన్నాయి. నేను బేరమాడలేదు, కవరు తీసుకున్నాను.