జాగ మిగిలిన పుస్తకం

వికారాబాద్ కోర్టు కచేరిలో నేను గుమస్తాగా ఉన్న రోజుల్లో తాండూరు నుంచి ఒక లారీ డ్రైవర్ వచ్చేవాడు. బండలు మోసే లారీ. లారీ ఓనరు సేటు ఎంత ఎక్కించమంటే అంత ఎక్కించుకునేవాడు. బరువు ఎక్కువై పట్టుబడితే మాత్రం ఆ నేరం డ్రైవర్ లైసెన్సు పుస్తకంలోనే ఎక్కుతుంది. రాసేది నేను.

ఆ పుస్తకాన్ని రుమాలులో చుట్టి తెచ్చేవాడు. చదువు రాదు. పేజీలన్నీ నిండితేనే లైసెన్సు పోతుందని ఎవరో చెప్తే నమ్మాడు. నేను కలం తీయగానే బల్ల మీదికి వంగేవాడు.

"జర సన్నగ రాయుండ్రి సారూ, జాగ మిగలాలె."

లైసెన్సు రద్దుకు లెక్క చూసేది పేజీలు కాదు, నేరాలని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్తే నాకేం పోయేది? సన్నగా రాసిచ్చేవాణ్ణి. నవ్వుకుంటూ పోయేవాడు.

నాలుగోసారి పట్టుబడ్డప్పుడు లైసెన్సు రద్దయింది. ఉత్తర్వు చదివి వినిపించాను. ఏడవలేదు, బతిమాలలేదు. పుస్తకం విప్పి, ఖాళీ పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించాడు.

"ఇంక గింత జాగ ఉన్నది గద సారూ."

ఆ జాగలోనే 'రద్దు' అని రాయాలి. రాశాను. అలవాటు కొద్దీ సన్నగానే రాశాను.