క్యాసెట్టు చివరి నాలుగు నిమిషాలు

ఖాళీ టేపును చూస్తే ఫక్రుద్దీన్ భాయ్‌కు ప్రాణం ఒప్పదు. మీరు పన్నెండు పాటల చీటీ రాసిచ్చారు, పన్నెండూ ఎక్కించాక క్యాసెట్టు చివర నాలుగు నిమిషాల టేపు మిగిలింది అనుకోండి. మరే రికార్డింగు షాపువాడైనా దాన్ని అలాగే వదిలేస్తాడు. ఈయన వదలడు. మైకు దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని, ఏ శాస్త్రవేత్తకూ అంతుచిక్కని రహస్యం ఒకటి అందులో నింపి పంపిస్తాడు. మీరు అడిగారా లేదా అన్న ప్రశ్నే లేదు.

ఎనభై నాలుగులో అమీర్‌పేట చౌరస్తాకు కాస్త ఇవతల ఉండేది ఆ షాపు. భార్య పేరు మీద ‘అన్వరీ రికార్డింగ్ సెంటర్’ అని బోర్డు పెట్టుకున్నాడు. లోపల రెండు టేపు డెక్కులు, గోడల నిండా క్యాసెట్లు, మధ్యలో భాయ్. ఇంకో మనిషి లోపలికి రావాలంటే భాయ్ బయటికి రావాలి. ఆయన చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కానీ చిత్తు కాగితాల కొట్టులో పాత సైన్సు పత్రిక కనబడితే చాలు, తూకానికి కొనేసేవాడు. ఇంగ్లీషు అర్థం కాకపోతే పాటల కోసం వచ్చిన లెక్చరర్లను పట్టుకుని, చెప్పేదాకా వాళ్ల క్యాసెట్టు ఇచ్చేవాడు కాదు.

పగలంతా ఆటోవాళ్లతో కేకలేసే ఆ మనిషి మైకు ముందు మారిపోయేవాడు. చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు మెల్లగా మొదలుపెట్టేవాడు.

“నదిల ఒక చేప ఉన్నది. పాము లెక్కనే ఉంటది. గుడ్లు పెట్టే టైమొచ్చిందంటే నది ఇడిచిపెట్టి సముద్రంల వేల మైళ్లు పోతది. తిండి లేదు, నిద్ర లేదు. ఆడ నీళ్ల మీద గడ్డి తేలుతుంటదంట. కింద అంతా చీకటి. గా చీకట్ల అది గుడ్లు పెడుతుంటే చూసినోడు ఇంతవరకు ఒక్కడు లేడు...”

మధ్యాహ్నం భోంచేసి ఫ్యాను కింద పడుకుని వింటుంటే మంచం నెమ్మదిగా నీళ్ల మీద సాగిపోతున్నట్టు ఉండేది. నేనైతే ఎన్నో ఆదివారాలు ఆ సముద్రంలోనే గడిపాను. చివర ఎప్పుడూ ఒకటే మాట: “గిది ఇంకా ఎవ్వరికీ తెల్వదు.” టక్కుమని టేపు అయిపోయేది.

శ్రీనగర్ కాలనీ భూలక్ష్మిగారు ఒకసారి క్యాసెట్టు తెచ్చి బల్ల మీద కొట్టారు.

“ఏంటయ్యా ఇది? లాలిపాటలు ఎక్కించమంటే చేపను ఎక్కించావు! మా మనవడు నిద్రపోవడం మానేసి, ఆ చేప ఏమైందని నన్ను చంపుతున్నాడు. ఏమైంది చెప్పు!”

“తెలిస్తే చెప్పకపోదునా అమ్మా? మస్తు మంది ఎతుకుతున్నరు. బాబుకు జర ఓపిక పట్టమనుండ్రి. పెద్దగైనంక తనే పోయి చూసొస్తడు.”

ఆవిడ తిట్టుకుంటూ వెళ్లారు. వారం తిరక్కుండా ఇంకో క్యాసెట్టు తెచ్చారు. ఈసారి పాటలు తక్కువ రాశారు.

ఇక మా మావయ్య సంగతి. రాఘవయ్య మావయ్య భీమవరంలో ముప్పై అయిదేళ్లు సైన్సు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక పంజాగుట్టలో స్థిరపడ్డారు. ఆయన దగ్గరే ఉండి నేను ఉద్యోగం చేసుకునేవాణ్ని. నీటికాసులు వచ్చి ఆయన చూపు పోయింది. పుస్తకం పోయినరోజునే మాటా పోయింది. అన్నం తింటారా అంటే “ఊ.” తినరా అంటే “ఊ.” జానకీదేవి అత్తయ్య రోజూ రాత్రి నాకు లెక్క చెప్పేది: “ఇవాళ తొమ్మిది ఊలురా వీర్రాజూ. నిన్న పదకొండు.” నవ్వుతూనే చెప్పేది గానీ, నవ్వు కళ్లదాకా వచ్చేది కాదు. ఆయనతో ఒక్క మాట, కనీసం ఒక్క తిట్టు అయినా అనిపించాలని నాలుగు నెలలుగా అత్తయ్య చేయని ప్రయత్నం లేదు.

నాటక పద్యాలంటే ఆయనకు ఇష్టం కదా అని, ఆ చీటీ రాయించి నన్ను భాయ్ దగ్గరికి పంపింది. క్యాసెట్టు తెచ్చి టూ-ఇన్-వన్‌లో పెట్టాం. పద్యాలన్నీ అయ్యాయి. మావయ్య కదల్లేదు. అప్పుడు భాయ్ గొంతు వచ్చింది.

“సూర్యుని వెలుతురు మన దగ్గరికి వచ్చెటందుకు ఎనిమిది సెకన్లు పడ్తది. గానీ సూర్యుని ఒంటి కంటె, సూర్యుని చుట్టున్న గాలి ఎన్నో వందల రెట్లు వేడి. పొయ్యి కంటె పొయ్యి చుట్టున్న గాలి ఎక్కువ కాల్తదా? గిది ఇంకా ఎవ్వరికీ—”

“ఎనిమిది సెకన్లా!” అని పడకకుర్చీలోంచి ఒక కేక. “ఎనిమిది నిమిషాలు! నిమిషాలు! ఏ బడిలో చదివాడు వీడు? ఎవడు వీడు?”

అత్తయ్య చేతిలో గరిటె కిందపడింది. ఆవిడ దాన్ని తియ్యకుండా, “ఇంకోసారి తిట్టండి,” అంది.

మర్నాడు నేను పరుగున వెళ్లి భాయ్‌కు అంతా చెప్పాను. ఆయన నాలుక కరుచుకుని, చెవులు పట్టుకుని, “తోబా! సార్‌కు మాఫీ చెప్పు, రాజు భాయ్,” అన్నాడు. తర్వాత చాలాసేపు గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు.

అప్పటినుంచి మావయ్యకు వెళ్లే ప్రతి క్యాసెట్టులోనూ ఒక తప్పు. ఒకసారి గాలిలో శబ్దం వెలుతురు కంటే ముందు పోయింది. ఒకసారి శనిగ్రహం తన వలయాన్ని గురుగ్రహానికి ఇచ్చేసింది. ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి దక్షిణ ధ్రువానికి వలసపోయే పిట్ట ఏడాది మొత్తానికి రెండొందల మైళ్లు ఎగిరింది.

“రెండొందలా! అది వెళ్లేది విజయవాడకు కాదయ్యా సాయిబుగారూ!” అని గర్జించి, మావయ్య నా చేత సవరణ రాయించేవారు. కొన్నాళ్లకు నా మీద నమ్మకం పోయి, టూ-ఇన్-వన్‌లో రికార్డింగు మీట నొక్కి తానే చెప్పడం మొదలుపెట్టారు. తప్పు దిద్దడానికి అర నిమిషం చాలు. ఆయన అరగంట చెప్పేవారు. నేను ఆ క్యాసెట్టు తీసుకెళ్లి ఇస్తే భాయ్ సాయంత్రంపూట షాపు ముందు అందరికీ వినబడేలా పెట్టేవాడు. ఆఫీసుల నుంచి ఇళ్లకు పోయేవాళ్లు సంచీలు పట్టుకుని ఆగిపోయేవారు. కనబడని మాస్టారు నక్షత్రాల దూరం చెబుతుంటే, బస్సుల పొగలోంచి అందరూ తలెత్తి ఆకాశంకేసి చూసేవారు. కండక్టరు ఈల వేసినా కొందరికి వినబడేది కాదు. అత్తయ్య ఊలు లెక్కపెట్టడం మానేసింది.

ఆ వేసవిలో మా ఆఫీసు రామ్మోహనరావు కూతురి పెళ్లి. మావయ్యను కూడా తీసుకెళ్లాను. సన్నాయి మేళం బదులు భాయ్ రికార్డు చేసిన సన్నాయి క్యాసెట్టు, దానికి మైకు. పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని, పావుకోళ్లు వేసుకుని కాశీయాత్రకు బయలుదేరాడు. సరిగ్గా అప్పుడే సన్నాయి అయిపోయింది.

“గీ పిట్ట ఇల్లిడిచి పోతది,” అంది మైకు. “ఎవ్వరాపినా ఆగది.”

పెళ్లికొడుకు ఆగాడు. బతిమాలి వెనక్కి తీసుకురావలసిన బావమరిది బెల్లం ముక్క చేతిలో పట్టుకుని నోరు తెరిచాడు.

“ధ్రువం నుంచి ధ్రువానికి. పోనురాను ఏడాదికి ఇరవై వేల మైళ్లకు పైనే. కింద అంతా నీళ్లు, పైన అంతా చుక్కలు. తొవ్వ ఎవలు చెప్తరో గిది ఇంకా ఎవ్వరికీ తెల్వదు.”

“నాయనా, నువ్వు అంతదూరం పోనక్కర్లేదు. ఆ గుంజ దాకా చాలు,” అన్నారు పురోహితుడు. పందిరంతా గొల్లుమంది.

నేను నవ్వలేదు. ఇరవై వేల మైళ్లు! లెక్క సరిగ్గా ఉంది. మరి మావయ్య క్యాసెట్టులో రెండొందలు ఎలా అయింది? పక్కకు చూశాను. మావయ్య కూడా నవ్వడం లేదు.

“విన్నారా మావయ్యా?”

“ఊ.”

ఇంటికి వచ్చాక కూడా “ఊ.” మర్నాడూ అదే. అత్తయ్య నాకేసి చూసింది. అమీర్‌పేట వెళ్లి భాయ్‌ను నిలదీశాను.

“మొదటిది నిజంగ తప్పే, రాజు భాయ్. గా ఒక్క తప్పుకు సార్ నోరిప్పిండని నువ్వే జెప్తివి. మిగిలినయి కష్టపడి చేసిన.”

“తప్పు చెప్పడానికి కష్టమేంటి భాయ్?”

“మస్తు కష్టం! మరీ చిన్నగైతే సార్ ఇడిచిపెడ్తడు. మరీ పెద్దగైతే నేను బేవకూఫ్‌నని తెల్సిపోతది. ఒక్క తప్పుకు రెండు రోజులు కూసుంట. సార్ క్యాసెట్టుకు ముందు మంచిగ రికార్డు చేసుకొని, తర్వాత ఖరాబు చేస్త.” అంతలో ముఖం వాడిపోయింది. “నేను జాలిపడ్డనని సార్ అనుకున్నడా ఏంది? మళ్ల నోరు మూసుకుంటే ఎట్ల? గిదంతా నా మూలంగనే.”

మూడో రోజు సాయంత్రం మావయ్య టూ-ఇన్-వన్ అడిగారు. తలుపు వేసుకుని చాలాసేపు ఏదో చెప్పారు. “సాయిబుగారికి ఇచ్చిరా,” అని క్యాసెట్టు నా చేతిలో పెట్టారు. అది వినే ధైర్యం నాకు లేకపోయింది. ఇచ్చేసి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో ఫక్రుద్దీన్ భాయ్! షాపు కూడా తెరవకుండా, ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకుని వచ్చాడు. ముఖం చెమటతో మెరుస్తోంది. చేతిలో పాత పత్రిక ఒకటి ఉంది.

“సార్, మాఫ్ చెయ్యుండ్రి. చిన్న నోటికి పెద్ద మాట. చంద్రుడు భూమిని పద్నాలుగు రోజులకు చుట్టొస్తడని చెప్పిండ్రు. గానీ...” పత్రిక తెరిచి పట్టుకున్నాడు. “ఇరవై ఏడు దినాలు, సార్. గీ పుస్తకంల సుత అట్లనే ఉన్నది.”

మావయ్య ఉలిక్కిపడ్డారు. “ఇరవై ఏడా! అయ్యయ్యో! ముప్పై అయిదేళ్లలో నా తప్పు దిద్దినవాడు ఒక్కడూ లేడయ్యా. కూర్చో సాయిబుగారూ. జానకీ, కాఫీ!”

జీవితంలో మాస్టారి ఎదుట నిలబడటమే తప్ప కూర్చోవడం ఎరగని మనిషి, కుర్చీ అంచున కూర్చున్నాడు. రెండు కాఫీలు తాగాడు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, గేటు దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు.

ఆయన వెళ్లాక అడిగాను: “మావయ్యా, చంద్రుడి సంగతి మీకు తెలియకపోవడమేంటి?”

“పెళ్లిలో ఆ పిట్ట నాకూ వినబడిందిరా,” అన్నారు మావయ్య. “మూడు రోజులు పట్టింది. మంచి తప్పు తయారుచెయ్యడం ఎంత కష్టమో! పాపం, ఆయన వారం వారం ఎలా చేస్తున్నాడో!”

“మీరు కావాలని తప్పు చెప్పారని భాయ్ కనిపెట్టి ఉంటాడంటారా?”

మావయ్య పడకకుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, గొంతు బాగా తగ్గించి అచ్చం భాయ్‌లాగే అన్నారు:

“గిది ఇంకా ఎవ్వరికీ తెల్వదు.”