బోరాక్స్‌లో ముంచిన మంచు

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలోని ఒక చిన్న పట్టణానికి స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, మిగతావాళ్లకు అవసరం లేదు. స్టేషనులో ఒక వాటర్ టెండరు ఉండేది, జనం ఫైరింజను అనే బండి అదే. నా కింద ఇద్దరు లీడింగ్ ఫైర్‌మెన్, వాళ్ల కింద ఫైర్‌మెన్, డ్రైవర్లు. వేసవిలో తాటాకు ఇళ్లు, కోతలయ్యాక గడ్డివాములు, మధ్యలో బావిలో పడిన గేదెలు. మా పని అదీ.

డిసెంబరులో ఇంకో పని తోడయ్యేది. మా జిల్లాలో క్రిస్మస్ ఒక్కరోజు పండగ కాదు. నెల మొదటి నుంచీ చర్చిలు, బడులు, ఆఫీసులు తలా ఒక సాయంత్రం సెమీ క్రిస్మస్ చేసుకుంటాయి. కేకు కోస్తారు, పిల్లలు గొర్రెల కాపరుల వేషం వేస్తారు, క్రిస్మస్ తాత ఎర్ర కోటులో చెమటలు కక్కుతూ చాక్లెట్లు పంచుతాడు. పందిరి, వేదిక వేస్తే మేము వెళ్లి తనిఖీ చేసి, అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి.

నేను వచ్చిన ఏడాదే చెరువుగట్టు చర్చికి తనిఖీకి వెళ్లాను. వేడుకకు ఇంకా ఐదు రోజులుంది. లోపల ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. వేదిక మీద తాటాకుతో పశువుల పాక, దాని పక్కన కొట్టుకొచ్చిన సరుగుడు చెట్టు, చెట్టు నిండా సీరియల్ బల్బులు. కింద మూడు గోతాల దూది. అదెందుకని అడిగితే మంచు అన్నారు. మాకు మంచంటే తెల్లవారుజామున వరి పనల మీద తడి, అంతే. ఇంటి కప్పు మీద పేరుకునే మంచును ఆ ఊళ్లో చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా అది లేకపోతే పండగ రాదు.

గోతాల దగ్గర కూర్చున్న పెద్దాయన మస్తాన్ గారు. బజారులో పరుపుల కొట్టు. స్పాంజి పరుపులు వచ్చాక వ్యాపారం చిక్కిపోయినా, దూదేకే పని వదల్లేదు. ఆ చర్చికి మంచు వేయడం వాళ్ల నాన్న మొదలుపెట్టిన అలవాటు. కొట్టులో మిషను ఉన్నా, చర్చి దూదిని మాత్రం నాన్న వాడిన విల్లుతోనే, నారి దెబ్బలకు పోగులు విడిపోయి పొంగేలా ఏకేవారు. పైసా తీసుకునేవారు కాదు. ఏడాదికి ఒకసారి ఊరంతా ఆయన పనిని తలెత్తి చూసేది, ఆయనకు అదే కావాలి.

తాటాకును తడిపి ఉంచమన్నాను, దూది మాత్రం కుదరదన్నాను. పాస్టరు గారి ముఖం వాడిపోయింది. "మంచు లేకపోతే పిల్లలకి క్రిస్మస్ అనిపించదండీ," అన్నారు. మస్తాన్ గారు గోతం మూతి ముడుస్తూ కూర్చున్నారు. అది చూసి నాకు జాలేసింది. మా శిక్షణలో నేర్పిన ఉపాయం చెప్పాను. బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి, దూదిని ముంచి ఆరబెడితే, ఆ ఉప్పు పోగులకు పట్టుకుంటుంది. నిప్పు తగిలినా నల్లబడుతుంది తప్ప మంట లేవదు.

కొలతలు రాసిచ్చాను. నా ముందే గుప్పెడు ముంచారు. ఎండలో ఆరాక అగ్గిపుల్ల గీసి పెడితే అంచు మాడి ఊరుకుంది. పాస్టరు గారు చప్పట్లు కొట్టారు. మిగతాదీ ఇలాగే ముంచమని మస్తాన్ గారికి చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

వేడుక రోజు సాయంత్రం ఏడు దాటాక స్టేషనుకు ఫోను వచ్చింది. నాలుగు నిమిషాల్లో చర్చి ముందున్నాం. అప్పటికే మంట ఆరిపోయింది. బల్బుల తీగ అతుకు దగ్గర నిప్పురవ్వ లేచి, చెట్టు మీది దూది అంటుకుని, పాక కప్పు మీద పరిచిన దూదికి పాకిందట. పాక కింద కాపరుల వేషాల్లో పదకొండు మంది పిల్లలు. మస్తాన్ గారు వేదిక ఎక్కి, మండుతున్న దూదిని రెండు చేతులతో కప్పు మీంచి లాగి అవతల పారేశారు. పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. మేము వెళ్లేసరికి ఆటోలో విజయవాడ తీసుకుపోతున్నారు.

ప్రతి అగ్నిప్రమాదానికీ ఫైర్ రిపోర్టు రాయాలి. అందులో కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. మర్నాడు పొద్దున వేదిక మీద మిగిలిన దూది కొంచెం తీసి వెలిగించాను. భగ్గుమంది. నేను చూసిన నమూనా అంటుకోలేదు, ఇది అంటుకుంది. ఇక ఆలోచించేదేముంది? "తీగ అతుకులో రవ్వ. దూదిని సూచించిన విధంగా శుద్ధి చేయలేదు," అని రాసి జిల్లా ఆఫీసుకు పంపాను. పక్కనే నిలబడ్డ పాస్టరు గారికీ అదే మాట చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లూ విన్నారు. ఆ సాయంత్రానికే ఊళ్లో మాట తిరిగింది: మస్తాన్ ముంచకుండానే ముంచానన్నాడని, పిల్లల ప్రాణాల మీదికి తెచ్చాడని. పిల్లల్ని కాపాడింది ఎవరో ఆ మాటలో లేదు.

మూడో రోజు వాంగ్మూలం కోసం ఆసుపత్రికి వెళ్లాను. రెండు చేతులకూ కట్లు, దిండ్ల మీద ఎత్తిపెట్టి ఉన్నాయి. దూది ఎందుకు ముంచలేదని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశారు.

"ముంచకపోడమేంటి సార్? మీరు రాసిచ్చిన లెక్కేగా, మూడు గోతాలూ ముంచాను. రెండ్రోజులు మేడ మీద ఆరబెట్టాం."

"మరి ఎలా అంటుకుంది?"

"నాకేం తెలుసండి. ఆరాక గడ్డలు గడ్డలుగా అయిపోయింది. అదేం మంచండీ, సున్నప్పెళ్లల్లాగుంది. చర్చిలో అలా ఎలా పెడతాను? మళ్ళీ విల్లు పట్టుకుని మొత్తం ఏకాను. ఏకుతుంటే తెల్లటి పొడి ఒకటే రాలడం. దుమ్మనుకుని ఊడ్చేశాను."

నేను కలం మూసి జేబులో పెట్టుకున్నాను. ఆ పొడే ఆయన దూదికి, ఆ పిల్లలకు రక్షణ. విల్లు దెబ్బలకు అదంతా రాలిపోయింది. ఏకకూడదని నేను చెప్పలేదు. నాకు తట్టలేదు కూడా. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

తిరుగుదారిలో ఆయన కొట్టుకు వెళ్లాను. గోతం అడుగున ఏకని గడ్డ ఒకటి మిగిలింది. వెలిగిస్తే మాడింది, మండలేదు. దాన్నే వేళ్లతో విదిలించి, దులిపి, పలచగా విప్పి వెలిగించాను. ఈసారి అంటుకుంది. అదే రోజు అనుబంధ రిపోర్టు రాశాను: శుద్ధి జరిగింది, తర్వాత ఏకడం వల్ల ఫలితం పోయింది, ఆ హెచ్చరిక ఇవ్వని లోపం తనిఖీ అధికారిది. మొదటిది ఆమోదమై పోయిందని, దీన్ని ఫైలుకు జత చేస్తామని పై అధికారి చెప్పారు. జత చేశారు. అంతకు మించి జరిగింది లేదు.

పాస్టరు గారి దగ్గరికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆయన మంచివారు, వచ్చిన ఆదివారమే ఆరాధనలో చెప్పారు. ఆసుపత్రికి కేకు కూడా పట్టుకెళ్లారు. కానీ మొదటి మాట ఊరంతా తిరిగింది, రెండోది చర్చి గుమ్మం దాటలేదు. బజారులో పరుపు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినా పని చేసే చేతులేవి? కాలిన వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని వంగిపోయాయి. కొట్టు మూసేశారు.

మరుసటి డిసెంబరులో అదే చర్చికి తనిఖీకి వెళ్లాను. దూది బదులు థర్మోకోల్ పూసలు తెచ్చారు. అవి దూది కన్నా ప్రమాదం, తీయించేశాను. వెనక బెంచీ మీద మస్తాన్ గారున్నారు, పాస్టరు గారే పిలిపించారట. చేతులు తువ్వాలు కింద దాచుకుని, లేచొచ్చి చెట్టు వైపు కాసేపు చూశారు. "బోడిగా ఉంది సార్," అన్నారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. నన్ను ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత మా స్టేషన్లలో రోజుకు పదిసార్లు వాడతారు. ఆ తర్వాత నేను వాడలేదు. మిగిలిన మూడేళ్లూ నమూనా చూసి సంతకం పెట్టలేదు. వేదిక మీద కట్టి ఉన్నదాంట్లోంచే ముక్క తీయించి వెలిగించాను. ఎవరికైనా సూచన ఇచ్చే ముందు, దీన్ని తర్వాత ఏం చేస్తారని అడిగాను. మస్తాన్ గారిని ఆ ఒక్క మాట అడిగి ఉంటే దాచకుండా చెప్పేవారు, ఏకుతానని. దూది ఏకే మనిషి దూదిని ఇంకేం చేస్తాడు?