మైకు కట్టేసే మనిషి

పెదనాన్న పోయారని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో, ఒక కల్యాణ మండపం వెనక గదిలో తల దువ్వుకుంటున్నాను. ఆ సాయంత్రం అక్కడ నా పాటల కార్యక్రమం. "పొద్దున కాఫీ తాగారమ్మా. గ్లాసు కింద పెట్టేలోపే అయిపోయింది," అంది. ఆమె ఏడవడం లేదు. నాకూ ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది భయం. ఇక నేను పాడుతుంటే మైకు దగ్గర ఎవరు కూర్చుంటారు? మనిషి పోయిన కబురు వినగానే నా సంగతి నేను చూసుకున్నానని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఆయన గురించి రాయాలంటే నా భయంతోనే మొదలుపెట్టాలి. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికం అదే.

ఆయన మాకు రక్తసంబంధీకులు కారు. కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో పక్కిల్లు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి ఆయనదొక్కటే మైకుసెట్టు. పెళ్ళిళ్ళకీ, వినాయక చవితికీ, మా చర్చిలో క్రిస్మస్‌కీ ఆయనే వచ్చి కట్టేవారు. అందరికీ మైకుసెట్టు గారు, నాకు పెదనాన్న.

చిన్నప్పుడు నేను భయపడని వస్తువు లేదు. పడవ ఊగితే భయం, బళ్ళో మాస్టారు పేరు పిలిస్తే భయం, చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ తిరుగుతుంటే ఆ చప్పుడుకీ భయమే. "దీని నీడని చూసి ఇదే జడుసుకుంటాది," అని మా నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. పాట మాత్రం వచ్చేది. ఎక్కడ నేర్చుకున్నానంటే చెప్పలేను. నాట్లు వేసే ఆడవాళ్ళ దగ్గర ఒక ముక్క, చర్చిలో ఒక ముక్క, నాన్న ఫోన్లో ఒక ముక్క. వాటికి నా సొంత మాటలు తగిలించి, దుప్పటి ముసుగేసుకుని పాడుకునేదాన్ని. ఎవరైనా వస్తే ఆపేసి నిద్ర నటించేదాన్ని.

మా వైపు మైకు కట్టాక ఒక పని ఉంటుంది. హారన్లు తాటిచెట్టుకి బిగించాక, మాట ఎంతదూరం వెళుతోందో చూడడానికి పెదనాన్న స్వయంగా చెరువు గట్ల వెంట నడిచి ఊరి అవతలికి వెళ్ళి వినేవారు. ఆయన తిరిగి వచ్చేదాకా ఇక్కడ ఎవరో ఒకరు మైకులో నోరు ఆడిస్తూ ఉండాలి. అందరూ హలో హలో అంటూ అంకెలు లెక్కపెడతారు. ఆయనకది నచ్చదు. "అంకెలు ఎంత దూరమైనా పోతాయండీ. పాట పోతేనే సెట్టు బాగున్నట్టు," అనేవారు.

ఒక క్రిస్మస్ ముందు మధ్యాహ్నం చర్చి ఆవరణలో నేను తప్ప ఎవరూ లేరు. నన్ను పిలిచారు. ముందు తన చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి, మైకుని తన పెదాలకి ఆనించుకున్నారు. పాత మైకులు షాక్ కొట్టేవి. మా నేల ఎప్పుడూ తడే. అందుకని ఎవరికి మైకు ఇచ్చినా ముందు ఆయన ఇలా చూసుకునేవారు. ఆ రోజు నిజంగానే కొట్టింది. తల వెనక్కి విదిల్చి, నాలుక కరుచుకుని, "ఉందమ్మా, కరెంటుంది," అని నవ్వారు. వైరు సరిచేసి, మళ్ళీ పెదాలకి ఆనించుకుని చూసుకుని అప్పుడు నాకిచ్చారు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని గేటు వైపు చూశాను.

"ఇక్కడ ఎవరూ లేరు. నేను గట్టు మీదకెళ్ళిపోతాను. నీకిష్టమైంది పాడుకో. ఇది పాట కాదు, టెస్టింగు," అన్నారు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. టెస్టింగ్ అయితే తప్పు పాడినా తప్పు కాదు. కళ్ళు మూసుకుని, దుప్పట్లో కట్టిన పాట ఎత్తుకున్నాను.

"గట్టు మీద దీపమా, గాలికి బెదరకే
గాలికీ చీకటంటే భయమేనే, చెప్పదే."

ఆయన తిరిగివచ్చి బాగుందనలేదు. ఎప్పుడూ అనేవారు కాదు. "అవతలి గట్టు దాకా వచ్చింది," అన్నారంతే. ఆ తర్వాత ఏ ఊళ్ళో మైకు కట్టినా నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. నేను కట్టిన పాటలన్నీ మొదట మైకు టెస్టింగులుగా పుట్టాయి. ఒకసారి ఒక పెళ్ళివారు ఆయన దగ్గరకి వచ్చి, "మధ్యాహ్నం వేశారు చూడండి, ఆ దీపం పాట, అది మళ్ళీ వెయ్యండి," అని అడిగారు. ఏదో రికార్డు అనుకున్నారు వాళ్ళు. పెదనాన్న బుర్ర గోక్కుని, "అది మా పిల్లండీ. మళ్ళీ వెయ్యాలంటే దాన్ని ఒప్పించాలి," అన్నారు. నేను వంటల గాడిపొయ్యి వెనక నక్కి కూర్చున్నాను. ఎంత పిలిచినా రాలేదు.

అప్పుడే మా ఒప్పందం కుదిరింది. "జనం ముందు పాడు. నేను మిషను దగ్గరే ఉంటాను. మరీ భయమేత్తే ఎడం చెయ్యి చెవి మీద పెట్టుకో. మైకు కట్టేత్తాను. కరెంటు పోయిందనుకుంటారు," అన్నారు.

భీమడోలులో చవితి పందిరి. మొదటిసారి నిజంగా జనం. ముందు వరుసలో ఒకాయన నన్నే చూస్తూ వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు. నాకు అతని వేళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. పల్లవి సగంలో గొంతు పట్టేసింది. చెయ్యి దానంతటదే చెవి మీదకి పోయింది. టక్కున మైకు ఆగిపోయింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, కాబట్టి కరెంటు పోయిందని ఎవరూ అనుకోలేదు. కమిటీవాళ్ళు పెదనాన్న మీద విరుచుకుపడ్డారు. "ఏవండీ, ఇలాంటి డొక్కు సెట్టు తెచ్చి మా పరువు తీత్తారా?" అని ఒకాయన అరిచాడు. పెదనాన్న మిషను మీద వంగి, బాగానే ఉన్న వైర్లని పీకి మళ్ళీ పెడుతూ, "పాతదయిపోయిందండీ, ఏమనుకోకండి," అంటూనే ఉన్నారు. ఆ పందిరికి మళ్ళీ ఆయన్ని పిలవలేదు.

తిరుగుదారిలో నేను ఏడుస్తుంటే ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు పనికొస్తోంది. "భయం కాళ్ళల్లో ఉంటాదమ్మా. గొంతులో ఉండదు. కాళ్ళని వణకనీ. వాటి పని అవి చేసుకుంటాయి, నీ పని నువ్వు చేసుకో."

మీలో కొందరు నా పాటలు విని ఉంటారు. వట్లూరులో కాలేజీలో చదివేటప్పుడు స్నేహితురాలు ఫోన్లో తీసిన వీడియో ఒకటి నలుగురికీ చేరింది. దానితో ఏలూరులో ఒక స్టూడియోకి పిలిచారు, తర్వాత విజయవాడ, ఆ తర్వాత ఊరూరా కార్యక్రమాలు. ఎక్కడికెళ్ళినా ఒక ప్రశ్నకి నాకు వణుకు పుట్టేది. "ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?" స్వరాలు రాయడం నాకు రాదు. ఏ రాగం అని అడిగితే నేల చూపులే. దొంగతనంగా లోపలికి వచ్చినదాన్ని ఎవరో ఒకరు ఇవాళ కాకపోతే రేపు పట్టుకుని బయటికి నెడతారనే అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఏలూరు స్టూడియోలో ఆ ప్రశ్నకి నాకు తోడొచ్చిన పెదనాన్నే జవాబు చెప్పారు. "మైకు దగ్గర నేర్చుకుందండీ," అన్నారు. వాళ్ళు నవ్వి, నన్ను అద్దాల గదిలోకి పంపారు.

పెద్ద పెద్ద సెట్లు వచ్చి, ఆయన హారన్లు ఇంటి వసారాలో పడ్డాక కూడా, నా కార్యక్రమం ఉందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేసేవారు. సౌండు చూసే కుర్రాళ్ళ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. ఆయన చెయ్యి ఏ మీట మీదా ఉండేది కాదు. అయినా అక్కడ ఆయన తల కనిపిస్తే చాలు. చెవి మీద చెయ్యి పెట్టే అవసరం ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

పోయిన వేసవిలో ఆయన్ని ఏలూరు ఆస్పత్రిలో చేర్చారు. గుండె నీరసించిందన్నారు. నేను వెళ్ళేసరికి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడి, నా చెయ్యి పట్టుకుని, "భయమేత్తందే," అన్నారు.

ఆ నోటి వెంట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. "చెవి మీద చెయ్యి పెట్టుకోండి పెదనాన్నా. నేను చూసుకుంటాను," అన్నాను.

"కట్టెయ్యడానికి నీ దగ్గరేముందే, పిచ్చిమొహమా," అని నవ్వారు. నవ్వారు గానీ నా చెయ్యి వదల్లేదు. ఆయన అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

బయట వరండాలో పెద్దమ్మ చెప్పింది. "ఈయనకి భయం కొత్తేం కాదమ్మా. నువ్వు పాడే రోజు ఈయన అన్నం ముట్టరు. నీ పాట అయ్యి ఇంటికొచ్చాకే తింటారు. నీకు చెప్పొద్దనేవారు." ఆ మాట విన్నాక నాకు ధైర్యం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్ళూ నేను ఆనుకున్న గోడ కూడా నాలాగే వణుకుతూ నిలబడిందని తెలిసి ఇంకా భయమేసింది.

ఇంటికి తిరిగి వచ్చారు గానీ మళ్ళీ నా కార్యక్రమాలకి రాలేదు. నేను ఒక్కటీ మానలేదు. వచ్చే నెలకి లేచి వస్తారులే అనుకుంటూ పాడాను. తాడేపల్లిగూడెంలో ఆ సాయంత్రం మాత్రం పాడలేదు. పెదనాన్న పోయారని నిర్వాహకులకి చెప్పాను. పాపం, వాళ్ళు దుఃఖం అనుకున్నారు. దుఃఖం ఉంది. కానీ నన్ను బస్సెక్కించింది భయమే. ఆ వారమంతా ఒప్పుకున్నవన్నీ వద్దన్నాను. ఇక పాడడం నా వల్ల కాదని ఇంట్లో చెప్పేశాను కూడా.

పెద్దకర్మ రోజున ఆయన వాకిట్లో షామియానా వేశారు. కొల్లేటి ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. భీమడోలు నుంచి ఎవరో అభిమానంతో మైకుసెట్టు పంపించారు. పెద్దమ్మ దాన్ని వ్యానులోంచి దింపనివ్వలేదు. "ఆయన వాకిట్లో ఇంకొకరి మైకు వద్దు. ఆయనది ముట్టుకోవడానికి ఆయన లేరు," అంది. భోజనాలకి ముందు నా దగ్గరకి వచ్చి, "ఒక పాట పాడమ్మా. ఊరికే పాడు," అంది.

ఆవిడని కాదనలేక లేచాను. పెదనాన్న ఫోటో పక్కన నిలబడ్డాను. చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. మైకు లేకుండా మనుషుల ముందు నేను ఎప్పుడూ పాడలేదు. అది ఉంటే ఆగిపోతుందన్న ఆశ ఉండేది. ఇప్పుడు ఆపేవారు లేరు, ఆపడానికి యంత్రం లేదు, ఉన్నది నా గొంతు ఒక్కటే. కాళ్ళు వణికాయి. ఎలాగో మొదటి చరణం అయ్యింది.

"వినపట్లేదమ్మా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అంతే, పోదామనుకున్నాను. పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ తల వంచుకుని ఉంది. ఈలోగా వెనకవాళ్ళు లేచారు. వెళ్ళిపోవడానికి కాదు. కుర్చీలు చేత్తో పట్టుకుని ముందుకి వచ్చారు. పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని మధ్యలో సందు లేకుండా కూర్చున్నారు. వాళ్ళ ఊపిరి నాకు తగులుతోంది. చెవుడున్న ఒక ముసలావిడ తన కుర్చీని నా మోకాళ్ళ దాకా జరుపుకుని, మొహం పైకెత్తి, నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. ఆవిడ కుర్చీ కాలు నా చీర కుచ్చిళ్ళ మీద దిగబడింది. కదిలితే చీర చిరుగుతుంది. రెండో చరణం ఎత్తుకున్నాను.