అర్ఫా సాయంత్రం, కాశిం పళ్లెం

1986లో మాండలిక పదకోశం పనిమీద నన్ను కనిగిరి ప్రాంతానికి వేశారు. హోదా పరిశోధక సహాయకుడు. ఊళ్లు తిరిగి, జనం నోట విన్న మాటను విన్నట్టే చీటీ మీద రాసి సంపాదకుడికి పంపడం నా పని. మాట చెప్పేవాళ్లను మేం ఆవేదకులనేవాళ్లం. ముగ్గురు ఆవేదకులు విడివిడిగా చెబితేనే ఒక మాట పదకోశంలోకి ఎక్కేది.

పండగ ముందు రోజును ఏమంటారని అడిగితే, ఒక ఊళ్లో దూదేకుల వాళ్లు ఇద్దరు 'అర్ఫా' అన్నారు. మూడో మనిషి కోసం బక్రీదు ముందు రోజు సాయంత్రం మస్తానమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె భర్త కాశిం పరుపులు కుట్టేవాడు, ఆ ఏడే పోయాడు. "కూచో బాబూ, పొయ్యి మీద కూరుంది, చూసొస్తా" అని చాప చూపించి లోపలికి వెళ్లింది. చాప పక్కన విస్తరాకు కప్పిన పళ్లెం. తీసి చూస్తే మిరపకాయ బజ్జీలు. అక్కడ ఏ గడప తొక్కినా ముందు తినడానికి ఏదో ఒకటి పెట్టేవాళ్లు. పైగా ఆ రోజు నాకు మధ్యాహ్నం భోజనం లేదు. అన్నీ తినేశాను.

మంచినీళ్లు తెచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తా! మామ బజ్జీలు ఈ సారు తినేశాడే!"

మస్తానమ్మ వచ్చి ఖాళీ పళ్లెం చూసి పడీపడీ నవ్వింది. "మీ మామైతే మాత్రం ఒక్కటన్నా మిగిల్చేవాడా?" అంది. అంతలోనే వాలుతున్న పొద్దు చూసి ఆమె మొహం మారింది. "ఇది ఆయనకి కొత్త అర్ఫా బాబూ, పోయినాక వచ్చిన మొదటిది. రేపు పండగ మనది, ఇవ్వాళ పోయినోళ్లది. ముల్లాసాయిబు వచ్చి ఫాతెహా చదివేటప్పటికి ఆయనకిష్టమైంది పళ్లెంలో లేకపోతే ఎట్టా?"

నేను బజారుకు పరుగెత్తాను. బజ్జీల సుబ్బయ్య అప్పుడే పొయ్యి ఆర్పాడు. "రేపు రండి సార్" అన్నాడు. జరిగింది చెప్పాను.

"మన కాశిం కోసమా? ఆ మాట ముందు చెప్పరేం! ఆయనకి వాము దండిగా పడాల" అంటూ మళ్లీ పొయ్యి రాజేశాడు. పొట్లం చేతిలో పెడుతూ, "దారిలో మళ్లీ ఆకలేస్తదేమో, జాగర్త!" అన్నాడు.

నేను చేరేసరికి ముల్లాసాయిబు కాళ్లు కడుక్కుంటున్నాడు. పళ్లెం నిండింది. ఫాతెహా అయ్యాక మస్తానమ్మ మొదటి బజ్జీ నాకే ఇచ్చింది. "ఇప్పుడు తిను, దర్జాగా" అంది.

హాజీలు మక్కా దగ్గరి అరఫాత్ మైదానంలో నిలిచే రోజు బక్రీదుకు ముందు రోజు. మాట అక్కడ పుట్టింది. మనవైపు ప్రతి పండగ ముందు రోజుకూ అదే పేరైంది. నేను చీటీలో ఇంతవరకే రాసి, 'పండగ ముందు రోజు' అని అర్థమిచ్చాను, అచ్చులోనూ అంతే వచ్చింది. మిగతాది రాస్తే బజ్జీల సంగతి చెప్పాల్సి వస్తుందని సిగ్గుపడ్డాను. ఆఫీసులో మాత్రం ఆ ఊరివాళ్లు నాకు విందు చేశారని చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా 'దీన్ని ఏమంటారు' అని అడిగి ఊరుకోలేదు. 'ఆ రోజు ఏం చేస్తారు' అని కూడా అడిగాను. పదకోశంలో ఆ అర్థం ఇలా ఉండాల్సింది: అర్ఫా — పండగ ముందు రోజు; ఇంట్లో పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, వాళ్ల పేర ఫాతెహా చదివించి, ఆ తర్వాతే అందరూ తినే సాయంత్రం.