బెత్తెడు సందు

మొన్న మా మనవరాలు నరసరావుపేట బజారు నుంచి తీగల బోనులో రెండు తెల్ల కుందేళ్ళను తెచ్చి నా ముందు పెట్టి, ఇంట్లో కుక్కా పిల్లీ ఉండగా వీటిని ఎలా కాపాడుకోవాలో చెప్పమంది. వాటిని చూసి ముద్దు రాలేదు సరికదా, మా మేనత్త మొహం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. పోయిన మనిషిని అనకూడదంటారు గానీ, నా ఈడు వాళ్ళు నన్ను తప్పుపట్టరులెండి.

నాన్నగారు కారంపూడి మిషను బడిలో పంతులుగా ఉన్న యాభైల నాటి మాట ఇది. భర్త పోయి మా ఇంటికి చేరిన నాన్నగారి అక్క, గుంటూరు నుంచి ఓ కుందేళ్ళ జంటను తెచ్చి పెంచుకునేది; అమ్మకేమో పుట్టిల్లు గురజాల నుంచి కూనగా తెచ్చుకున్న నల్లకుక్క ప్రాణం. వదినా మరదళ్ళిద్దరూ మొహం చూసి మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు కనుక, ఒకరి మీద ఒకరికున్న కసినంతా ఆ మూగజీవాలకు చెప్పి ఎదుటి మనిషికి వినిపించేవారు. అత్త కుక్కను అదిలిస్తూ, "ఏమే, మా తమ్ముడి కూడు తిని నా మీదే గుర్రుమంటావేందే?" అనేది. అమ్మ కుందేళ్ళకు ఆకు పడేస్తూ, "ఎన్నాళ్ళు మేస్తావే, ఇది నీ ఇల్లనుకున్నావా?" అనేది. పది రోజులకోసారి వచ్చిపోయే ఊరపిల్లికి మాత్రం ఇద్దరి తిట్లూ పడేవి.

మధ్యలో నలిగిన నాన్నగారు పెరట్లో నాలుగు నాపరాళ్ళు నిలబెట్టి, పైన పలుచని పలక కప్పి, గాలి కోసం బెత్తెడు సందు వదిలి కుందేళ్ళను అందులో ఉంచారు. ఎండలు ముదిరిన ఓ ఆదివారం అందరం ప్రార్థనకు బయలుదేరుతుంటే, పిల్లి ఆ సందులో చెయ్యి పెడుతోందని అత్త నన్ను వెనక్కి పంపి పలక బిగించమంది. రాయి చేతికి చురుక్కుమన్నా సందు లేకుండా నెట్టేసి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి కుక్క ఆ రాళ్ళను గీరుతూ మూలుగుతోంది, లోపల కుందేళ్ళు రెండూ చచ్చిపడి ఉన్నాయి. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి ఒక్క పంటి గాటైనా లేదని చూపించింది. అయినా అత్త ఆ రోజు కుక్కతో కాదు, ఏళ్ళ తర్వాత అమ్మతోనే నేరుగా మాట్లాడింది.

"నీ కుక్కే చంపింది. అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

అని నా వైపు ఒక్కసారి చూసింది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దెబ్బలకు భయపడి నోరు మూసుకున్నాను. అక్కను కాదనలేని నాన్నగారు కుక్కను ఈపూరు వెళ్ళే బండి ఇరుసుకు కట్టించి పంపేశారు. అది వీధి మలుపు దాకా అమ్మ వైపే చూస్తూ పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో తిట్టుకోవడానికి జీవాలూ లేవు, మాటలూ లేవు. అమ్మ పోయేదాకా ఆ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర మూగగా వండుకున్నారు.

ఇప్పటి కుక్కలు పరుపుల మీద పడుకుంటున్నాయి, ఎవరి కోపమూ వాటి నెత్తిన పడటం లేదు, అది మంచిదే. మనవరాలికి బోను ఎత్తున నీడలో పెట్టమనీ, గొళ్ళెం గట్టిగా వెయ్యమనీ, గాలి మాత్రం మూయొద్దనీ చెప్పాను. మా ఇంటి కుందేళ్ళ సంగతి కూడా చెబితే, మీ చిన్నప్పటి కుక్క కుందేళ్ళను కరిచిందా నాయనమ్మా అని అడిగింది. కరవలేదు, నేనే చంపాను అన్నాను. అరవై ఏళ్ళు దాటాక నోట వచ్చిన ఆ మాట వినవలసిన మనిషి అమ్మ.